అడిగినంత దొర

సింగపూరులో మా ఆఫీసు ఉన్న తంజోంగ్ పగార్‌లో ఈ మధ్య ఒక కాఫీ కొట్టు వెలిసింది. గోడల నిండా పాత గోనెసంచులు వేలాడదీసి, ఆ అలంకారం ఖర్చు కూడా కాఫీలోనే కలిపి పిండుకునే రకం. మొన్న వాన వెలిసిన సాయంత్రం తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టానో లేదో, చెమ్మకు ఉబ్బిన గోనెల వాసన ముక్కుకు తగిలి, గొడుగు మూయడం కూడా మరిచి గుమ్మంలోనే నిలబడిపోయాను. తేరుకున్నాక కౌంటరు దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ, రెండు కాఫీలు తీసుకుంటే ఎంత తగ్గిస్తారని అడిగాను. కౌంటరు వెనక పిల్ల నవ్వి "కెనాట్ లా, ఆంటీ" అంది. తగ్గించనందుకు కాదు గానీ, ఆంటీ అన్నందుకు ఒక్క కాఫీతోనే సరిపెట్టాను.

ఆ వాసన నన్ను తిన్నగా చోవా చూ కాంగ్‌లోని మా నాన్న కొట్లో తీసుకెళ్లి పడేసింది. మేముండే బ్లాకు కిందే కొట్టు. లోపలికి రాగానే బియ్యం బస్తాల గోనె వాసన, దాని వెనకే ఇంగువ, ఆ వెనక కొబ్బరి పీచు, కరివేపాకు, సాంబ్రాణి, మూత సరిగా పట్టని ఆవకాయ సీసా, పైన కమ్మీకి కట్టిన అరటాకుల పచ్చి వాసన. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎదురొచ్చేవి. నాన్నది జగిత్యాల వైపు కోమట్ల కుటుంబం. మేనమామ వెంట సింగపూరు వచ్చి, సెరంగూన్ రోడ్డులో ఆయన కొట్లో బస్తాలు మోసి, చివరికి ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. మాకు ఎడమ పక్క వెయ్ మింగ్ వాళ్ల నాన్న పళ్లకొట్టు, కుడి పక్క ఫరా వాళ్లమ్మ బట్టలు కుట్టే కొట్టు. మేం ముగ్గురం ఒకే ఈడు పిల్లలం. ఆస్పత్రుల్లో పుట్టినా గల్లాపెట్టెల నీడనే పెరిగాం. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని అమ్మ అందరికీ చెప్పుకునేది. పడి మోకాలు చీరుకుని ఏడుస్తుంటే ఎవరో చాక్లెట్ ఇచ్చి ఊరుకోమన్నారట. రెండిస్తే ఊరుకుంటానన్నానట.

సింగపూరులో రుతువులు లేవనేది కొట్లో పెరగనివాళ్ల మాట. పళ్లకొట్టు ముందు దురియన్ కాయలు గుట్ట పడి, ఆ ఘాటుకి నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని తూకం వేస్తే అదొక రుతువు. ఫరా వాళ్లమ్మ మిషను చప్పుడు పొద్దస్తమానం ఆగకుండా కురిస్తే రంజాన్ వస్తోందని అర్థం. డిసెంబరు వానలకు బస్తాలన్నీ చెక్క బల్లలెక్కేవి, అప్పడాలు డబ్బాలకెక్కేవి, నేను బస్తాలెక్కేదాన్ని. చైనీయుల కొత్త సంవత్సరానికి వెయ్ మింగ్ వాళ్ల నాన్న మాకు కమలాపండ్లు ఇచ్చేవాడు, దీపావళికి అమ్మ వాళ్లకు సకినాలు పంపేది, ఆ సకినాలను వెయ్ మింగ్ చేతికి గాజుల్లా తొడుక్కుని తిరిగేవాడు.

నాకు పదేళ్లొచ్చిన ఏడు వీటన్నిటినీ మింగేసే కొత్త రుతువొచ్చింది. కంప్యూటర్ల రుతువు. హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి, విజయవాడ నుంచి కుర్రాళ్లు ఇస్త్రీ చొక్కాలతో, పెద్ద పెద్ద సూట్‌కేసులతో దిగిపోతున్నారు. ఒక్కో ఫ్లాటులో ఐదారుగురు చేరి, వండటం ఎవరికీ రాక, మా అమ్మ దగ్గరికొచ్చి పప్పులో నీళ్లెన్ని పోయాలో అడుగుతున్నారు. రెండువేల సంవత్సరం రాగానే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, విమానాలు రాలిపోతాయని వాళ్లే చెప్పారు. మేం పిల్లలం భయపడాల్సింది పోయి ఎగిరి గంతులేశాం. నాన్న మాత్రం కొవ్వొత్తులూ బియ్యమూ రెండింతలు తెప్పించాడు. లోకం మునిగినా కొట్టు తెరిచే ఉండాలన్నది ఆయన లెక్క.

ఆ రుతువే నవాబ్ తాతనూ తెచ్చింది. మా పై అంతస్తుల్లో ఉండే అస్లం అంకుల్ కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగి. తల్లి పోయాక తండ్రిని హైదరాబాదు పాతబస్తీ నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నాడు. మొదటిసారి ఆయన లిఫ్టులోంచి దిగిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఉక్కపోతకు మేమంతా బనీన్లలో ఉడికిపోతుంటే, ఆయన మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల షేర్వానీ, ఎర్ర రూమీ టోపీ, చేతిలో వెండి పిడి గొడుగు, చెవి మడతలో అత్తరు దూదితో వచ్చి, నాన్న ముందు నిలబడి, నాన్నకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చేయనంత వంగి సలాం చేశాడు. నాన్న తడబడి చేతిలో ఉన్న సొరకాయతోనే తిరిగి సలాం చేశాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కిందికొచ్చి, బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆయన బేరమాడడు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేస్తాడు. మా కొట్టుకి అది పెద్ద కష్టమైపోయింది. కొన్నవాళ్లు నాలుగు మాటలని తగ్గించుకుంటారని ముందే కొంచెం పెంచి చెప్పడం నాన్న పద్ధతి. ఈయన మారు మాట్లాడకుండా కొత్తిమీర కట్ట గుండెకు హత్తుకుని వెళ్లిపోతే, నాన్న అన్నం ముందు కూర్చుని గింజుకునేవాడు.

"గట్లిచ్చి పోతే నాకు తిన్నది అరుగుతదా? ఒక్క మాటన్న అనడు. నేనే తగ్గించి చెప్తే, మొదలు చెప్పిన మాటనే ఖాయం సేట్ అంటడు."

"పెంచి చెప్పుడు బంజెయ్యి మరి" అని అమ్మ.

"బంజేస్తే నేను కోమటోన్నెట్లయిత?"

ఒకరోజు నేనే అడిగాను, తాతా, తగ్గించమని ఎందుకు అడగరని. ఆయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించి నవ్వాడు. "మా ఖాన్‌దాన్‌ల ఇచ్చెటోళ్లే గని తగ్గించెటోళ్లు లేరు బిడ్డా. జాగీర్దార్ నోట్ల ఆ మాట పుట్టదు."

అలా మొదలైంది ఆయన కథ. ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే తండ్రి పోతే, మానేరు పక్కనున్న గంగిపల్లి జాగీరు ఆయన చేతికొచ్చింది. అప్పుడు హైదరాబాదు రాజ్యం నిలువునా చీలిపోయి ఉంది. ఒక పక్క నిజాం సర్కారు, జాగీర్దార్లు, దొరలు. ఇంకో పక్క తరాలుగా వెట్టి చేసి చేసి, ఇక చెయ్యమని సంఘం పెట్టుకుని తిరగబడ్డ ఊళ్లు. నవాబ్ తాత సర్కారు మనిషి. దర్బారులో చేతిరుమాలు మీద బంగారు నాణెం పెట్టి, తల వంచి సమర్పించి, చివరిదాకా మీ వెంటే ఉంటానని మాటిచ్చినవాడు. ఊళ్ల నుంచి లెవీ పేరుతో లాక్కొచ్చిన వడ్లన్నీ ఆయన గడీలో, అంటే కోటలాంటి ఆ ఇంట్లో, గాదెల నిండా పోసి ఉన్నాయి. సర్కారు బండ్లు వచ్చేదాకా గింజ కదలనివ్వొద్దని ఆయనకు హుకుం. ఆ వడ్ల కోసమే సంఘం జనం వచ్చి గడీని చుట్టుముట్టారు.

ఆ ముట్టడి ఆయన చెప్తుంటే వినాలి! వడిసెల రాళ్లు పెంకుల మీద వడగళ్లలా రాలేవి. బురుజు మీద కాపలా ఉన్న ముసలి అరబ్బు తుపాకి ఎక్కుపెట్టిన ప్రతిసారీ తుమ్మేవాడు. తాతల నాటి ఫిరంగిని దొర్లించుకొచ్చి చూస్తే లోపల తేనెపట్టు. శత్రువు కంటే ముందు తేనెటీగలే గడీ సైన్యాన్ని తరిమాయి. మాంసం అయిపోయిందని వంటవాడు వంకాయలతో బిర్యానీ చేసి, ఓడిపోయినా పర్వాలేదు గానీ ఇది వండానని ఎవరికీ చెప్పొద్దని ఏడ్చాడు. తాత చేతులు తిప్పుతూ, బస్తా మీద దరువేస్తూ, మధ్య మధ్య "హౌ!" అంటూ చెప్తుంటే, కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మరిచి నిలబడేవారు. నాన్న విసుక్కోవడం మరిచేవాడు.

మిగతా ఇద్దరికీ నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే కథ కాగానే మేం ముగ్గురం వాయిడ్ డెక్‌లోకి పరుగు. బ్లాకు కింద స్తంభాల మధ్య ఉండే ఆ ఖాళీ జాగానే మా గంగిపల్లి. నాలుగు స్తంభాలు గడీ, పళ్లకొట్టు అట్టపెట్టెలు గాదెలు, చుట్టచుట్టిన పాత క్యాలెండర్లు తుపాకులు. గడీ గుమ్మం ముందు టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసేసి, అంటే ఇక్కడివాళ్ల పద్ధతిలో చోటు పట్టేసి, ఇక ఇది తనదే, ఎవరూ ముట్టడించకూడదని వెయ్ మింగ్ వాదించేవాడు. ఫరా వాళ్లమ్మ దగ్గర ఎర్ర గుడ్డ ముక్కలడిగి సంఘం జెండాలు కుట్టేది. నవాబు వేషం కోసం రోజూ బేరమే. నేను వెయ్ మింగ్‌కి రెండు రోజుల ఫిరంగి ఇచ్చి, ఫరాకి నా వాటా ఐస్‌క్రీమ్ ఇచ్చి, ఎలాగో నవాబునయ్యేదాన్ని. తాత తన టోపీ అడిగితే టోపీ ఇచ్చాడు, గొడుగు అడిగితే గొడుగిచ్చాడు. ఆ టోపీ నా కళ్లదాకా జారి, శత్రువు ఎటున్నాడో కనపడక నేను స్తంభాలతో యుద్ధం చేసిన రోజులే ఎక్కువ.

ఒక్కటే చిక్కు. కథ ఎప్పుడూ గడీ గుమ్మం దగ్గర ఆగిపోయేది. సంఘం మనిషి ఎల్లయ్య ఒక్కడే ముందుకొచ్చి, తలుపు బయట నిలబడి, నవాబును మాట్లాడటానికి పిలుస్తాడు. అంతే. తాత లేచి షేర్వానీ దులుపుకునేవాడు. తర్వాతేమైందో చెప్పమని మేం ముగ్గురం మూడు భాషల్లో కాళ్లు పట్టుకున్నా చెప్పలేదు. "అది తప్ప ఇంకేమన్న అడుగు బిడ్డా" అనేవాడు. అడిగిందల్లా ఇచ్చే మనిషి దాచుకున్నది అదొక్కటే.

రంజాన్ నెల మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, మా బ్లాకులోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్ కుర్రాడు ఫోన్ కార్డు కోసం కొట్టుకొచ్చాడు. పేరు శ్రీనివాస్, మర్నాటికల్లా మాకు సీనన్న అయిపోయాడు. కొత్త ముఖం కనపడితే ఊరు అడగందే నాన్నకు చేతులాడవు.

"ఏ ఊరు తమ్మీ మనది?"

"గంగిపల్లి అంకుల్. మానేరు పక్క. మీకు తెల్వది, చిన్న ఊరు."

నేను అరవబోయాను. ఆ ఊరు నాకు తెలియకపోవడమేంటి, రోజూ కాపాడుతున్నాను కదా! కానీ బస్తాల పక్కకి చూస్తే కుర్చీ ఖాళీ. గొడుగు కూడా వదిలేసి తాత లిఫ్టు దగ్గరికి వెళ్లిపోతున్నాడు, ఆ వయసులో అంత వేగంగా నడవగలడని నాకప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆయన కిందికి రాలేదు. కథ లేదు, కథ లేకపోతే యుద్ధమూ లేదు. నేను గొడుగు పట్టుకుని పైకి వెళ్లేసరికి ఇంట్లో అట్టపెట్టెలకు తాళ్లు కడుతున్నారు. ఊరికి ఆ చివరెక్కడో వేరే ఇల్లు చూడమని తాత పట్టుబడుతున్నాడని, కారణం చెప్పడం లేదని అస్లం అంకుల్ తల పట్టుకున్నాడు. కారణం తాత నాకు చెప్పాడు, గది తలుపు దగ్గరగా వేసి.

"ఆనాడు గడీ తలుపు తెరిచింది నేనే బిడ్డా. తాళాలు నా చేతులతోనే ఇచ్చిన. సర్కారు ఉప్పు తిని సర్కారు వడ్లు ఇచ్చినోన్ని. దర్బార్‌ల నమక్‌హరామ్ అని మొఖం మీద అన్నరు. అస్లంకు తెల్వది. ఆ పిలగాడు నోరు తెరిచిండంటే నా ఇజ్జత్ ఇక్కడ గూడ పోతది."

అర్థం కావాల్సినంత నాకు అర్థమైంది. కొట్లో పెరిగిన బుర్ర కదా, వెంటనే సీనన్న నోటికి వెల కట్టడానికి వాళ్ల ఫ్లాటుకి బయల్దేరాను. నెల రోజుల కరివేపాకు ఊరికే ఇస్తాను, నవాబ్ తాత గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు అన్నాను. సీనన్న చేతిలో ఉన్న గరిటె కిందపడింది.

"నవాబా? గంగిపల్లి నవాబు? ఇక్కడున్నడా? బతికున్నడా? అరె, మా తాత ఎల్లయ్య సచ్చేదాక ఆయన్ను ఒక్కసారి చూడాలన్నడు! నాకు గా కరివేపాకు వద్దు, నన్ను తోలుకపో!"

గుమ్మం బయట నిలబడ్డ ఎల్లయ్య మనవడు! మెట్లెక్కి పరిగెత్తానో లిఫ్టే ఎక్కానో గుర్తులేదు, తాత ముందు రొప్పుతూ నిలబడ్డాను. "నక్కో" అన్నాడు ఆయన, వినకముందే. అప్పుడు నేను నా జీవితంలోకెల్లా మంచి బేరం చేశాను.

"తాతా, ఒకటి అడుగుతా, ఇస్తారా?"

"అడుగు."

"రేపు కిందికి రండి."

ఆయనకు లోపలినుంచి నవ్వొచ్చినట్టుంది, మీసం కదిలింది. "కోమటి బిడ్డవు. చిక్కిన పో."

మర్నాడు సాయంత్రం కొట్లో ఇసకేస్తే రాలనంత జనం. అయితే అందులో సగం నేను పిలిచినవాళ్లే. ఫరా మసీదులో పంచే గంజి, వాళ్ల మాటలో బుబుర్, గిన్నె నిండా తెచ్చి ఉపవాసం విడిచే వేళ కోసం మూత పెట్టి ఉంచింది. తాత షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా నిటారుగా వచ్చి కూర్చున్నాడు. పక్కన అస్లం అంకుల్, ఏమీ తెలియని ముఖంతో. సీనన్న వచ్చి తాత కాళ్లకు దండం పెట్టబోతే తాత కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఏం చెప్పాల్నో చెప్పు బేటా. నీ తాత అడిగిండు, నేను తలుపు తీసి ఇచ్చిన. అంతే కద."

"అంతనే సాబ్. గని మా తాత ఏం అడిగిండో యాదికున్నదా?"

"అన్ని గాదెల తాళాలు అడిగిండు."

"ఆయన మతలబు అది కాదు సాబ్. అన్ని అడిగితే సగమన్న ఒప్పుకుంటరు, ఆఖరుకు ఒక్క గాదెన్న తెరుస్తరు అనుకున్నడు. నాలుగు బండ్లే తెచ్చుకున్నడు! మీరేమో తాళాల గుత్తి మొత్తం చేతుల పెడితిరి. మా తాత పరేషాన్. గన్ని వడ్లు ఎట్ల మోసుడు? సుట్టు ఊర్లకు కబురు పెట్టి, బండ్లు తెప్పించి, అందరికీ పంచేసరికి నడుములు పోయినయట!"

నాన్న రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో సాబ్! అది బేరం సాబ్! మొదలు చెప్పిన ధర ఎవలన్న ఇస్తరా!"

జనం ఘొల్లుమన్నారు. తెలుగు రాని వెయ్ మింగ్ కూడా ఎందుకైనా మంచిదని నవ్వాడు. సీనన్న కళ్లు తుడుచుకుంటూ, గంగిపల్లిలో తాత పేరు ఇప్పటికీ అడిగినంత దొర అని చెప్పాడు. సంతలో ఎవరైనా మరీ గీచి గీచి బేరమాడితే, నేనేమన్న అడిగినంత దొరనా అని అమ్మేవాళ్లు కసురుకుంటారట.

"మీ నాయిన చేయించిన వెట్టి గూడ మావోళ్లు మరిచిపోలె సాబ్, అబద్ధమెందుకు" అన్నాడు, గొంతు తగ్గించి. "గని ఆ వానకాలం మా ఊర్ల ఏ పిల్లగాడు ఆకలికి సావలె. మా తాత మీకు చెప్పాలనుకున్న మాట గదే."

అందరికంటే ఆఖరున తాత నవ్వాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, బోడితల తుడుచుకుని, నాన్నవైపు తిరిగాడు.

"బేరమని నాకు తెల్వదనుకున్నవా సేట్? పిల్లగాన్నే గని పిచ్చోన్ని గాదు. ఒక్క గాదె ఇస్త, పోండ్రి అందామనే పోయిన. తలుపు సందుల కెల్లి సూసిన. ఎల్లయ్య ఎనక మొగోళ్లు లేరు. ఆడోళ్లు. చేతుల కట్టెలు లెవ్వు, చేటలు. వడ్లు చెరుక్కునే చేటలు పట్టుకోని, పిల్లల్ని సంకనేసుకోని, ఉలుకు పలుకు లేకుండ నిలబడ్డరు. తగ్గించాలంటే ఎంత తగ్గించాలె? ఏ చేటకు లేదనాలె? నోట్ల మాట రాలె." అస్లం అంకుల్ వైపు చూడకుండానే అన్నాడు: "దర్బార్‌ల ఈ ముచ్చట చెప్పలె. చెప్తె చేటలు పట్టుకున్నోళ్ల మీద గూడ కేసు రాస్తరని, ఊకె తలకాయ వంచుకోని తిట్లు తిన్న. ఆ ఎనక ఏడాదికి దర్బారే లేకుండ పాయె."

అస్లం అంకుల్ లేచి వెళ్లి, ఫరా తెచ్చిన గిన్నె మూత తీసి, ముందు తండ్రికి పోసి, తర్వాత సీనన్నకు పోశాడు. రేడియోలో అజాన్ వినబడింది. ఖర్జూరం పండు సగం చేసి, పెద్ద సగం తాత సీనన్న చేతిలో పెట్టాడు. పైన అట్టపెట్టెల తాళ్లు మర్నాడే విప్పేశారు.

ఆ తర్వాత మా యుద్ధం పూర్తిగా మారిపోయింది. వెయ్ మింగ్ వాళ్ల నాన్న పళ్లు ఆరబోసే వెదురు చేటలన్నీ వాయిడ్ డెక్‌లోకి చేరాయి. సీనన్న స్నేహితులు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ టైలు విప్పి సంఘంలో కలిసిపోయేవారు. నవాబు వేషానికి ఎంతో డిమాండు వచ్చింది గానీ, దానికోసం బేరమాడితే వేషం దక్కదని ఫరా కొత్త నియమం పెట్టింది. ఆ నియమం కింద నాకు ఒక్కసారి కూడా దక్కలేదు. రెండువేల సంవత్సరం కూడా వచ్చింది. ఒక్క విమానమూ రాలలేదు. మిగిలిపోయిన కొవ్వొత్తులను నాన్న ఏళ్ల తరబడి అమ్మాడు.

ఇప్పుడు ఆ కొట్టు స్థానంలో సగ్గుబియ్యం పూసలు వేసిన టీ అమ్ముతున్నారు. ధర బోర్డు మీద వెలుగుతుంది, మనిషితో మాటే అక్కర్లేదు. ఫరా వాళ్లమ్మ మిషను ఎక్కడికి పోయిందో ఫరాకే తెలియదు. వెయ్ మింగ్ ఫ్లాట్లు అమ్మిపెడుతున్నాడు, నాకు పుంగ్గోల్‌లో ఇల్లు చూపించి, తన కమీషను దగ్గర నాకే చుక్కలు చూపించాడు. నాన్న నా దగ్గరే ఉంటాడు. సూపర్ మార్కెట్లో డబ్బులు కట్టించుకునే యంత్రం ముందు నిలబడి, కొసరు ఎవర్నడగాలమ్మా అంటాడు. వాయిడ్ డెక్‌లో బంతి ఆడకూడదు, సైకిలు తొక్కకూడదు అని బోర్డులున్నాయి. గడీని ముట్టడించకూడదని మాత్రం ఎవరూ రాయలేదు, ముట్టడించే పిల్లలూ కనపడలేదు.

నవాబ్ తాత ఆ తర్వాత కొన్నేళ్లే ఉన్నాడు. చోవా చూ కాంగ్ శ్మశానంలోనే ఆయన సమాధి. చిన్న దేశం, నేల చాలదు. కొన్నేళ్లు నిండాక సమాధులు తవ్వి, కొందరిని కలిపి ఒకే చోట మళ్లీ పడుకోబెడతారు. ఆయన వంతు వచ్చినప్పుడు అస్లం అంకుల్ ఫోన్ చేసి, జాగీర్దారుకి చివరికి సొంతమంటూ ఆరడుగులు కూడా మిగలలేదని అన్నాడు. నేనూ, తల నెరిసిన సీనన్నా వెళ్లి కాస్త దూరంగా నిలబడ్డాం. కొత్త గోతిలో ఆయన పక్కకు చేరినవాళ్లెవరో, ఏ ఊళ్లవాళ్లో మాకు తెలియదు. కాస్త జరగమని వాళ్లు అడిగి ఉంటే మాత్రం, ఎంత అని మా తాత అడిగి ఉండడు.